నీడ పడితేనే నిజం: ఏఆర్ బొమ్మలకు గది వెలుగును తెచ్చిన పరిశోధన

క్లుప్తంగా

ఫోన్ కెమెరాలో కనిపించే కృత్రిమ వస్తువు గదిలో ఇమడకపోవడానికి ముఖ్య కారణం దాని మీద పడే వెలుగు. ఆ వెలుగును అసలు గదిలోనే కొలిచి, బొమ్మ మీద పడేలా చేసే పద్ధతిని 1998లో అమెరికా పరిశోధకుడు పాల్ డెబెవెక్ ప్రకటించారు. సినిమా వీఎఫ్ఎక్స్ (గ్రాఫిక్స్ హంగులు), మొబైల్ ఏఆర్ (ఆగ్మెంటెడ్ రియాలిటీ, అంటే అసలు దృశ్యంలో కల్పిత వస్తువును కలిపి చూపడం), నేపథ్యాన్ని చూపే పెద్ద ఎల్ఈడీ గోడల ముందు జరిగే షూటింగులు ఈ ఆలోచన మీదే నడుస్తున్నాయి. పారదర్శక ఏఆర్ కళ్లద్దాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక భౌతిక పరిమితి అడ్డుపడుతోంది.

ఏదో తేడా కొడుతోంది

ఫర్నిచర్ యాప్‌లో ఒక సోఫా నచ్చుతుంది. 'మీ గదిలో చూడండి' అన్న బటన్ నొక్కి, ఫోన్‌ను హాల్లో గోడ వైపు తిప్పితే సోఫా అక్కడ ప్రత్యక్షమవుతుంది. కొలతలు సరిగ్గానే ఉంటాయి. ఫోన్ పట్టుకుని చుట్టూ తిరిగినా సోఫా ఉన్నచోటే ఉంటుంది. అయినా చూసేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది. కిటికీ ఎడమవైపు ఉంటే సోఫా మెరుపు కుడివైపు కనిపిస్తుంది. కాళ్ల కింద నీడ లేక, గచ్చుకు అంగుళం పైన తేలుతున్నట్లు ఉంటుంది. సాయంత్రం చిన్న బల్బు వెలుగులో గదంతా పసుపుగా మారినా, సోఫా మాత్రం షోరూంలో ఉన్నంత తెల్లగా వెలిగిపోతుంటుంది.

నగలు, కళ్లజోళ్లు, గోడ రంగులు ఫోన్‌లో చూసి ఎంచుకునే వాళ్లందరికీ ఎదురయ్యే ఇబ్బందే ఇది. దీన్ని చాలామంది 'గ్రాఫిక్స్ బాగోలేదు' అని కొట్టిపారేస్తారు. చిత్రమేమిటంటే అదే సోఫా మోడల్‌ను కంపెనీ కేటలాగ్‌లో చూస్తే ఫొటోకు, బొమ్మకు తేడా పట్టుకోవడం కష్టం. బొమ్మ ఒకటే అయినా ఒకచోట నమ్మిస్తుంది, ఇంకోచోట నమ్మించదు.

ఆగ్మెంటెడ్ రియాలిటీ అంటే ఏమిటో 1997లో రొనాల్డ్ అజుమా అనే పరిశోధకుడు ఒక సర్వే వ్యాసంలో మూడు లక్షణాలతో నిర్వచించారు. అసలు దృశ్యం, కల్పిత దృశ్యం కలవాలి. మనం కదిలితే అప్పటికప్పుడు స్పందించాలి. కల్పిత వస్తువు త్రిమితీయ స్థలంలో కచ్చితమైన చోట కుదురుకోవాలి. ఈ మూడోది, అంటే వస్తువు జారిపోకుండా నిలబడడం, చాలా ఏళ్లు పెద్ద సవాలుగా ఉండేది. 2017 నుంచి వచ్చిన ఆపిల్ ఏఆర్‌కిట్, గూగుల్ ఏఆర్‌కోర్ వంటి సాఫ్ట్‌వేర్లు కెమెరా దృశ్యాన్ని, ఫోన్‌లోని కదలిక సెన్సర్లను జోడించి దాన్ని మామూలు ఫోన్లకు కూడా తెచ్చేశాయి. ఈ నిర్వచనంలో వెలుగు ప్రస్తావన లేదు. వస్తువు కుదురుగా నిలబడ్డాకే వెలుగు లోటు కంటికి కొట్టొచ్చినట్లు కనిపించడం మొదలైంది. దానికి విరుగుడు మాత్రం స్మార్ట్‌ఫోన్ పుట్టకముందే తయారై ఉంది.

స్టీలు చెంబులో గది

బాగా తోమిన స్టీలు చెంబును కిటికీ పక్కన బల్ల మీద పెట్టి చూస్తే, దాని బొజ్జ మీద గదంతా ఒదిగి కనిపిస్తుంది. కిటికీ ఒక తెల్లటి వంకర ముక్క. ట్యూబ్‌లైటు ఒక గీత. చూసేవారి ముఖం మధ్యలో, సాగిపోయి ఉంటుంది. అంచుల దగ్గర గది వెనుక భాగం, పక్క గోడలు, పైకప్పు అన్నీ ఇరుకుగా నొక్కుకుని ఉంటాయి. చెంబుకు సరిగ్గా వెనుక ఉన్న కొంచెం చోటు తప్ప, ఆ బిందువు దగ్గరికి ఏ దిక్కు నుంచి ఏ వెలుగు వస్తోందో ఆ కాస్త లోహం మీదే రాసి ఉంటుంది.

గ్రాఫిక్స్‌లో ఈ గమనికకు పాత చరిత్రే ఉంది. 1976లో జిమ్ బ్లిన్, మార్టిన్ న్యూవెల్ చుట్టూ ఉన్న దృశ్యాన్ని ఒక బొమ్మగా మార్చి, మెరిసే వస్తువు మీద ప్రతిబింబంగా అతికించే పద్ధతి చెప్పారు. 1980ల తొలినాళ్లలో జీన్ మిల్లర్ వంటివారు అద్దపు గోళాన్ని ఫొటో తీసి, అసలు ప్రదేశపు ప్రతిబింబాన్ని కృత్రిమ వస్తువు మీదికి తెచ్చారు. అయితే వాటి లక్ష్యం ప్రధానంగా ప్రతిబింబాన్ని చూపడం. గోళం మీద కనిపించే బొమ్మను అందానికి వాడుకున్నారే తప్ప, వెలుగు లెక్కగా పూర్తిగా వాడుకోలేదు.

డెబెవెక్ ఇక్కడ ఒక అడుగు ముందుకు వేశారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గణితం, కంప్యూటర్ ఇంజినీరింగ్ చదువుతూ 1991లోనే ఆయన ఒక షెవెట్ కారు ఫొటోల నుంచి దాని త్రీడీ నమూనా తయారుచేశారు. తర్వాత బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జితేంద్ర మాలిక్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. మథురలో పుట్టి, కాన్పూర్ ఐఐటీలో చదివిన మాలిక్ కంప్యూటర్ విజన్ (కంప్యూటర్‌కు ఫొటోలను అర్థం చేసుకోవడం నేర్పే) రంగంలో పెద్ద పేరు. కామిలో టేలర్‌తో కలిసి వీరిద్దరూ 1996లో ప్రచురించిన పని కొద్దిపాటి ఫొటోల నుంచి భవనాల నమూనాలు కట్టే విధానం. ఆకారాన్ని సాదా దిమ్మెలతో మనిషి కట్టాలి, వాటి కొలతలు, పైపూత ఫొటోల నుంచి రావాలి అన్నది దాని సూత్రం. ఆకారానికి ఫొటోలు సాక్ష్యమైనప్పుడు వెలుగుకు ఎందుకు కాకూడదన్నది ఆ తర్వాత సహజంగా వచ్చే ప్రశ్న.

ఒక్క ఫొటో ఎందుకు చాలదు

గోళాన్ని ఒక్క ఫొటో తీసి సరిపెట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు డిజిటల్ ఫొటోలో ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకే అంకెలు ఉంటాయి. కిటికీ బయటి ఆకాశం 255, ట్యూబ్‌లైటు 255, తెల్ల గోడ మీద ఎండ పడిన చోటా 255. ఫొటోలో మూడూ ఒకే తెలుపు. నిజానికి వాటి మధ్య పదుల, వందల రెట్లు తేడా ఉంటుంది.

సూర్యుడిని తీసుకుంటే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పు సుమారు అర డిగ్రీ. మొత్తం ఆకాశపు కప్పులో అది దాదాపు 90 వేలలో ఒక వంతు చోటు మాత్రమే. అయినా మబ్బులేని మధ్యాహ్నం నేల మీద పడే వెలుగులో అధిక భాగం ఆ చిన్న బింబానిదే. ఫొటోలో సూర్యుడిని 255 దగ్గర కత్తిరించేస్తే, ఆ ఫొటోతో వెలిగించిన బొమ్మ మబ్బు పట్టిన రోజు బొమ్మలా ఉంటుంది. నీడ మెత్తబడిపోతుంది, వెలుగు చాలదు.

అందుకే డెబెవెక్, మాలిక్ 1997లో ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో, అంటే కెమెరాలోకి వెలుగును రానిచ్చే మోతాదు మారుస్తూ, తీసిన ఫొటోలను కలిపి, అసలు వెలుగు విలువలను రాబట్టే పద్ధతి ప్రచురించారు. తక్కువ ఎక్స్‌పోజర్ ఫొటోలో బల్బు లోపలి వివరం దక్కుతుంది, మిగతాదంతా నల్లగా ఉంటుంది. ఎక్కువ ఎక్స్‌పోజర్ ఫొటోలో బల్ల కింది చీకటి కనిపిస్తుంది, కిటికీ తెల్లబడిపోతుంది. కెమెరా ఇంకో తిరకాసు కూడా పెడుతుంది. వెలుగు రెట్టింపయితే పిక్సెల్ అంకె రెట్టింపు కాదు, కంటికి ఇంపుగా ఉండేలా కెమెరా దాన్ని వంచేస్తుంది. ఆ వంపు ఎంతో ఫొటోల వరుస నుంచే లెక్కగట్టి, దాన్ని విప్పి, ప్రతి పిక్సెల్‌కూ అసలు వెలుగుకు అనుపాతంలో ఉండే అంకెను ఇవ్వడం వారి పద్ధతిలోని కీలకం. ఎక్స్‌పోజర్లు కలిపే ఆలోచనను స్టీవ్ మన్, రోజలిండ్ పికార్డ్ 1995లోనే చెప్పారు. బర్క్‌లీ పద్ధతి దాన్ని తేలిగ్గా వాడుకునే పనిముట్టుగా మార్చింది.

ఫోన్ కెమెరాలో ఇప్పుడు హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్) అనే మాట అందరికీ తెలుసు. ఎదురెండలో తీసినా ముఖం కనిపించే అందమైన ఫొటో అని దానికి వాడుకలో అర్థం. ఇక్కడ దాని అర్థం వేరు, దాన్ని వెలుగును తూచే తక్కెడ అనుకోవచ్చు. ఈ రెండు అర్థాలూ కలిసిపోవడం వల్లే ఈ రంగం గురించి చదివేవాళ్లు తరచూ తికమకపడతారు.

నీడ అంటే రెండు లెక్కల తేడా

1998లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకుల సిగ్రాఫ్ సదస్సులో డెబెవెక్ ఇచ్చిన పత్రం ఈ ముక్కలన్నిటినీ ఒకచోట చేర్చింది. కృత్రిమ వస్తువును పెట్టాలనుకున్న చోటే అద్దపు గోళాన్ని ఉంచాలి. పలు ఎక్స్‌పోజర్లలో ఫొటోలు తీయాలి. వాటి నుంచి వచ్చిన వెలుగు పటాన్ని వస్తువు చుట్టూ పెద్ద గోళంలా పరిచి, ఆ పటంలోని ప్రతి పిక్సెల్‌నూ ఒక దీపంగా భావించి వస్తువును చిత్రించాలి. కిటికీ ఉన్న దిక్కులో పిక్సెళ్లు గట్టిగా వెలుగుతాయి. ఎర్ర సోఫా ఉన్న దిక్కు నుంచి కాస్త ఎరుపు సోకుతుంది. ఆర్టిస్టు ఊహించి లైట్లు పెట్టాల్సిన పని ఉండదు.

వస్తువు వెలిగింది సరే, గచ్చు మీద దాని నీడ ఎలా పడుతుంది? గచ్చు ఫొటోలోది, దాన్ని కంప్యూటర్ గీయలేదు. ఇందుకు ఆయన చెప్పిన ఉపాయం చాలా తెలివైనది. వస్తువు దగ్గరున్న గచ్చుకు మాత్రం ఒక ఉజ్జాయింపు నమూనా తయారుచేయాలి. ఆ గచ్చును ఒకసారి వస్తువుతో, ఒకసారి వస్తువు లేకుండా చిత్రించాలి. మొదటి దాంట్లోంచి రెండోదాన్ని తీసేస్తే మిగిలేది వస్తువు వల్ల వచ్చిన మార్పు మాత్రమే. ఆ మార్పును అసలు ఫొటోకు కలపాలి.

ఉదాహరణకు వస్తువు లేకుండా గచ్చు మీద ఒక చోట వెలుగు 100 అని లెక్క తేలింది, వస్తువు పెట్టాక 60 అయింది. తేడా మైనస్ 40. అసలు ఫొటోలో ఆ చోట 97 ఉంటే 57 అవుతుంది. నీడ పడింది. పక్కనే ఎర్రటి వస్తువు నుంచి గచ్చు మీదికి తిరిగి వచ్చిన వెలుగు వల్ల ఎరుపు 3 పెరిగితే, ఫొటోలోనూ 3 పెరుగుతుంది. గచ్చు నమూనా కాస్త తప్పినా ఫొటోలోని మరకలు, పలకల గీతలు చెక్కుచెదరవు, ఎందుకంటే అవి లెక్కలోకి రానే లేదు. తేడా సున్నా ఉన్నచోట ఫొటో ఉన్నది ఉన్నట్లే ఉంటుంది. పాతికేళ్లు దాటినా ఏఆర్‌లో నీడ వేసే చాలా విధానాలు ఈ తీసివేతకు దగ్గరి చుట్టాలే. ఈ తీసివేతను గుర్తుపెట్టుకోవాలి, కళ్లద్దాల సంగతికి వచ్చినప్పుడు దీంతోనే పని.

డెబెవెక్ సేకరించిన వెలుగు పటాలు కొన్ని గ్రాఫిక్స్ విద్యార్థులకు బాగా పరిచయం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్రేస్ కెథీడ్రల్, ఫ్లోరెన్స్‌లోని ఉఫిజీ గ్యాలరీ, బర్క్‌లీ ఆవరణలోని యూకలిప్టస్ తోపు. కొత్త చిత్రణ పద్ధతి కనిపెట్టినవాళ్లు తమ బొమ్మను ఈ చోట్ల వెలుగులో పెట్టి చూపడం ఏళ్ల తరబడి ఆనవాయితీగా సాగింది.

ముఖం మీద ఒక్కో దీపం

గదిలో వస్తువును పెట్టడం ఒక ఎత్తు, మనిషి ముఖాన్ని పెట్టడం ఇంకో ఎత్తు. చర్మం మీద పడిన వెలుగు కొంత పైనుంచే మెరుస్తుంది, కొంత లోపలికి ఇంకి, చెదిరి, పక్కనుంచి బయటికి వస్తుంది. దాన్ని సూత్రాలతో గీయడం అప్పట్లో తలకు మించిన పని. 2000లో డెబెవెక్ బృందం ప్రకటించిన లైట్ స్టేజ్ ఈ చిక్కును పక్కదారిలో దాటింది.

దాని వెనుక ఉన్న సూత్రాన్ని ఏ ఇంట్లోనైనా ఊహించుకోవచ్చు. గదిలో రెండు లైట్లున్నాయి. మొదటిది మాత్రమే వేసి ఒక ఫొటో, రెండోది మాత్రమే వేసి ఒక ఫొటో తీసి, కెమెరా వంపును విప్పాక పిక్సెల్ అంకెలను కూడితే, రెండూ వేసినప్పుడు వచ్చే ఫొటోయే వస్తుంది. వెలుగులు ఒకదాన్నొకటి చెడగొట్టుకోవు, కూడుకుంటాయి. అలాగే ఒక ముఖాన్ని అన్ని దిక్కుల నుంచి ఒక్కో దీపంతో ఫొటో తీసి పెట్టుకుంటే, ఆ ఫొటోలను తగిన పాళ్లలో కూడి ఆ ముఖాన్ని ఏ కెథీడ్రల్ వెలుగులోనైనా, ఏ తోపు నీడలోనైనా చూపొచ్చు. పాళ్లు ఎంతో చెప్పేది గోళంతో కొలిచిన వెలుగు పటమే.

మొదటి పరికరంలో ఒక దీపం మనిషి తల చుట్టూ మెలికలు తిరుగుతూ కిందికి దిగేది. 64 అడ్డు స్థానాలు, 32 నిలువు స్థానాలు, అంటే మొత్తం 2,048 దిక్కులు. దాదాపు ఒక నిమిషం పాటు మనిషి కదలకుండా కూర్చోవాలి. తర్వాతి నమూనాల్లో తిరిగే దీపం పోయి, గోళాకారపు చట్రం నిండా ఎల్ఈడీలు వచ్చాయి. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఐసీటీ (ఇన్‌స్టిట్యూట్ ఫర్ క్రియేటివ్ టెక్నాలజీస్) సంస్థలో పెరిగిన ఈ పరికరం హాలీవుడ్‌లో నటుల డిజిటల్ రూపాలకు ఆధారమైంది. 2010లో డెబెవెక్‌తో సహా నలుగురికి ఆస్కార్ అకాడమీ సైంటిఫిక్ అండ్ ఇంజినీరింగ్ పురస్కారం దక్కింది.

లెక్క తిరగబడితే: ఎల్ఈడీ గోడలు

కల్పిత వస్తువును అసలు వెలుగులో పెట్టడం ఒక దారి. అసలు మనిషిని కల్పిత వెలుగులో పెట్టడం దీనికి ఎదురుదారి. 2002లోనే డెబెవెక్ బృందం నటుడి చుట్టూ రంగు ఎల్ఈడీలు అమర్చి, కొలిచిన వెలుగు పటం ప్రకారం వాటిని వెలిగించి, ఆ తర్వాత నటుడిని నేపథ్యంలో కలిపే పద్ధతి చూపింది. 2019లో 'ద మాండలోరియన్' సిరీస్‌తో ప్రపంచానికి తెలిసిన ఎల్ఈడీ గోడల షూటింగ్ ఆ ఆలోచనకు పెద్ద రూపం. గ్రీన్ మ్యాట్ ముందు నిలబడితే నటుడి కవచం మీద ఆకుపచ్చ ఛాయ పడుతుంది. ఎల్ఈడీ గోడ ముందు నిలబడితే ఎడారి సాయంత్రమే పడుతుంది.

తెలుగు సినిమాకు ఇది పరాయి సంగతి కాదు. హైదరాబాద్‌లోని అన్నపూర్ణ స్టూడియోస్‌లో క్యూబ్ సినిమా అనే సంస్థ భాగస్వామ్యంతో ఇలాంటి వర్చువల్ ప్రొడక్షన్ స్టేజ్ ఏర్పాటైంది. అసలు గోళం కూడా సెట్ల మీదే ఉంది. వీఎఫ్ఎక్స్ షాట్ ఓకే అయ్యాక ఒక అసిస్టెంట్ క్రోమ్ బాల్ (అద్దపు గోళం), గ్రే బాల్ (బూడిద రంగు గోళం) పట్టుకుని కెమెరా ముందు నిలబడడం ఈ పని తెలిసినవాళ్లందరూ చూసిన దృశ్యం. లైట్‌మెన్ లైట్లు దించేలోపు ఆ కొన్ని క్షణాల ఫుటేజ్ దొరకకపోతే, నెలల తర్వాత గ్రాఫిక్స్ టీం సూర్యుడు ఎటున్నాడో నటుడి ముక్కు నీడను బట్టి ఊహించుకోవాల్సి వస్తుంది.

ఎల్ఈడీ గోడకు లోట్లు లేకపోలేదు. సూర్యుడి తీవ్రతను అది అందుకోలేదు. పైగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు మాత్రమే కలిసి ఇచ్చే తెలుపులో కొన్ని రంగుల భాగం పలచగా ఉంటుంది, కాబట్టి చర్మం, బట్టలు ఎండలో కనిపించినట్లే కనిపించవు. అదనపు రంగుల ఎల్ఈడీలు చేర్చి దీన్ని సరిదిద్దే పనిలోనూ డెబెవెక్ బృందం పాలుపంచుకుంది.

గోళం లేని ఫోన్ ఏం చేయాలి?

సోఫా కొనేవారి దగ్గర క్రోమ్ బాల్ ఉండదు. ఫోన్ కెమెరాకు గదిలో చిన్న ముక్కే కనిపిస్తుంది. వెలుగు వచ్చే కిటికీ చాలాసార్లు ఫోన్ పట్టుకున్నవారి వీపు వెనుకే ఉంటుంది. తొలినాళ్ల ఏఆర్‌కోర్ దీనికి సాదా జవాబు ఇచ్చేది. కెమెరా దృశ్యపు సగటు ప్రకాశం ఎంత, రంగు ఎటు మొగ్గింది అని చూసి, బొమ్మను ఆ మేరకు మసకబరచడం లేదా రంగు మార్చడం. గది చీకటైతే సోఫా కూడా చీకటవుతుంది, అంతవరకే. దిక్కు తెలియదు, కాబట్టి నీడ పడే దిక్కూ తెలియదు.

2016లో గూగుల్‌లో చేరిన డెబెవెక్, అక్కడి పరిశోధకులు 2019లో దీనికి వేరే దారి చూపారు. ఫోన్‌కు ఒక చట్రం బిగించి, కెమెరా చూపు అడుగు భాగంలో మూడు చిన్న గోళాలు కనిపించేలా అమర్చారు. ఒకటి అద్దంలా మెరిసేది, ఒకటి గరుకు వెండి రంగుది, ఒకటి మెరుపు లేని బూడిద రంగుది. ఆ ఫోన్‌తో ఇళ్ల లోపలా బయటా తిరుగుతూ వీడియోలు తీశారు. పై భాగపు దృశ్యాన్ని చూసి వెలుగు ఎటునుంచి వస్తోందో ఊహించమని ఉదాహరణల నుంచి నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పారు. ఊహించిన వెలుగుతో మూడు గోళాలను గీసి, వీడియోలోని అసలు గోళాలతో పోల్చి తప్పు ఎంతో చూపారు.

ఒకటికి మించి గోళాలు ఎందుకన్నది ఈ పనిలో అసలు అందం. వీడియోలో పలు ఎక్స్‌పోజర్లు తీయలేరు, కాబట్టి అద్దపు గోళంలో దీపం 255 దగ్గర తెగిపోతుంది. అది ఎక్కడుందో తెలుస్తుంది, ఎంత బలమైనదో తెలియదు. బూడిద గోళం సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. దీపం రూపం దాని మీద కనిపించదు, కానీ దీపం ఎంత బలమైనదైతే ఆ వైపు అంత తెల్లగా, అవతలి వైపు నీడ అంత గాఢంగా ఉంటుంది. అద్దపు గోళం పోగొట్టిన లెక్కను బూడిద గోళం దాచిపెడుతుంది. రెండిటితో ఏకకాలంలో సరిపోవాలని పట్టుబట్టడం వల్ల నెట్‌వర్క్ దీపపు బలాన్ని కూడా అంచనా కట్టడం నేర్చుకుంది.

2019లోనే ఏఆర్‌కోర్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెచ్‌డీఆర్ పేరుతో ఇలాంటి సదుపాయం వచ్చింది. అది యాప్‌కు మూడు విషయాలు చెబుతుంది. ప్రధాన వెలుగు దిక్కు, బలం మొదటిది. దాన్నిబట్టే నీడ. ప్రతిబింబాలకు పనికొచ్చే వెలుగు పటం రెండోది. మూడోది పరిసరాల వెలుగును కుదించిన కొన్ని అంకెలు. ఈ అంకెల వెనుక స్టాన్‌ఫర్డ్‌లో రవి రామమూర్తి, పాట్ హన్రహన్ 2001లో చేసిన పని ఉంది. సున్నం గోడ మీద కిటికీ వెలుగు పడుతుంది కానీ కిటికీ ఊచల బొమ్మ కనబడదు. మెరుపు లేని ఉపరితలం వెలుగులోని సన్నని వివరాలన్నిటినీ కలిపేస్తుంది. కాబట్టి అలాంటి ఉపరితలానికి మొత్తం వెలుగు పటం అక్కర్లేదనీ, ఒక్కో రంగుకు 9 అంకెలు చాలనీ, సగటు పొరపాటు 1 శాతం దగ్గరే ఉంటుందనీ వారు చూపారు. మూడు రంగులకు 27 అంకెలు. ఫోన్ బ్యాటరీ మీద భారం పడకుండా సోఫా బట్టకు గది వెలుగు అద్దగలగడం ఈ లెక్క పుణ్యమే.

ఇంకా మిగిలిన లోటు ఒకటుంది. అంచనా కట్టిన వెలుగు ఒకే బిందువుది. హాల్లో సోఫా పెట్టి, దాని ఒక కొనను బాల్కనీ తలుపు దగ్గరికి జరిపితే, ఆ కొన మీద ఎండ పడాలి, ఇటు కొన నీడలో ఉండాలి. గది లోతు, తలుపుల స్థానాలు, ఎండ చార ఎక్కడ ఆగిందన్నది అన్నీ తెలిస్తే తప్ప ఇది కుదరదు. 2020 నుంచి కొన్ని ఫోన్లలో, ట్యాబ్లెట్లలో వచ్చిన లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే) సెన్సర్లు గది ఆకారం ఇస్తున్నాయి. ఆకారానికి వెలుగును కలిపే పని ఇంకా నడుస్తోంది.

ముఖమే గోళమైతే

సెల్ఫీ కెమెరాలో గది కన్నా ముఖమే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ముఖం కూడా గోళం లాంటిదే. ముక్కు నీడ, నుదుటి మెరుపు వెలుగు దిక్కును చెబుతాయి. ముఖాన్ని బట్టి వెలుగును అంచనా కట్టే పద్ధతులు ఈ గమనికతోనే వచ్చాయి. కానీ బూడిద గోళం రంగు ముందే తెలుసు, మనిషి చర్మపు రంగు తెలియదు. ముఖం ముదురుగా కనిపిస్తే చర్మం ముదురా, గది చీకటా? కొద్దిమంది ముఖాలతో, అందులోనూ తెల్ల చర్మం వారితోనే నేర్చుకున్న వ్యవస్థ, ముదురు చర్మం కనిపించగానే వెలుగు తక్కువని పొరబడే ప్రమాదం ఉంది. అలా పొరబడితే ఆ ముఖం మీద పెట్టిన కళ్లజోడు, ముక్కుపుడక ఉండాల్సినదాని కన్నా మసకగా కనిపిస్తాయి. మన దేశంలో నగల దుకాణాల ఏఆర్ యాప్‌లకు ఇది నేరుగా తగిలే విషయం.

2020లో గూగుల్ పరిశోధకులు, డెబెవెక్ ఇందుకోసం లైట్ స్టేజ్‌కే తిరిగి వెళ్లారు. వేర్వేరు చర్మపు రంగులున్న 70 మందిని దీపం తర్వాత దీపంగా ఫొటో తీసి, ఆ ఫొటోలను కూడి లెక్కలేనన్ని వెలుగుల్లో వారి ముఖాలు తయారుచేసి, వాటితో నెట్‌వర్క్‌కు నేర్పారు. ఒకే మనిషిని ఎండలో, గదిలో, సందె వెలుగులో చూస్తేనే రంగు ఏది, వెలుగు ఏది అని విడదీయడం సాధ్యమవుతుంది. అదే ఏడాది గూగుల్ పిక్సెల్ ఫోన్లలో తీసిన ఫొటోకు తర్వాత లైటు చేర్చే సదుపాయం వచ్చింది. దాని శిక్షణకు వాడిన లైట్ స్టేజ్‌లో 64 కెమెరాలు, 331 ఎల్ఈడీ దీపాలు ఉన్నాయి.

నలుపు వేయలేని కళ్లద్దాలు

ఏఆర్ పరికరాలు రెండు రకాలు. ఫోన్, మెటా క్వెస్ట్ 3, ఆపిల్ విజన్ ప్రో వంటివి బయటి ప్రపంచాన్ని కెమెరాతో తీసి తెర మీద చూపుతాయి. మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ వంటివి పారదర్శకమైన అద్దంలోంచి అసలు ప్రపంచాన్నే చూపి, దాని మీద బొమ్మ వెలుగును ప్రసరింపజేస్తాయి. బయటికి రెండూ ఒకటే అనిపించినా, నీడ దగ్గర దారులు వేరవుతాయి.

మైనస్ 40ని గుర్తు తెచ్చుకుంటే విషయం తేటపడుతుంది. ఫోన్‌లో గచ్చు ఒక అంకె, 97ను 57 చేయడం చిన్న తీసివేత. పారదర్శక అద్దంలో గచ్చు అసలైన గచ్చు, దాని వెలుగు నేరుగా కంటికి చేరుతోంది. అద్దం ఆ వెలుగుకు కలపగలదే కానీ, అందులోంచి తీసేయలేదు. నలుపు అంటే ఆ పరికరానికి 'ఏమీ చూపకపోవడం', అంటే పారదర్శకం. నల్ల కోటు వేసుకున్న కల్పిత మనిషి గాజు బొమ్మలా, వెనుక గోడ కనిపిస్తూ ఉంటాడు. మధ్యాహ్నం ఎండలో తెల్లటి బొమ్మలు కూడా వెలవెలబోతాయి, ఎందుకంటే బయట ప్రకాశం గదిలో ఉన్నదానికి వందల రెట్లు ఉంటుంది.

కొన్ని పరిశోధనల్లో నీడ చుట్టూ పలచగా వెలుగు కలిపి, మధ్యలో మాత్రం కలపకుండా వదిలి, పోలికలో అది నీడలా కనిపించేలా చేస్తున్నారు. పిక్సెల్ పిక్సెల్‌గా వెలుగును అడ్డుకునే పొరను అద్దంలో పెట్టే ప్రయత్నాలూ ఉన్నాయి. ఆ పొర కంటికి మరీ దగ్గరగా ఉండడంతో దాని అంచులు మసకబారుతాయి. రోజూ పెట్టుకునే తేలికైన కళ్లద్దాలు మార్కెట్లోకి వస్తున్నా, వాటిలో ఎక్కువగా అక్షరాలు, బాణం గుర్తులు, సందేశాలే కనిపించడానికి బరువు, బ్యాటరీలతో పాటు ఇదీ ఒక కారణం. బాణానికి నీడ అక్కర్లేదు, సోఫాకు కావాలి.

కన్ను ఎంతవరకు పట్టుకుంటుంది?

వెలుగు ఎంత కచ్చితంగా కుదిరితే చాలు? 2005లో యూరి ఓస్ట్రోవ్‌స్కీ, పాట్రిక్ కావనా, ఎంఐటీకి చెందిన పవన్ సిన్హా ప్రచురించిన పరిశోధన ఆశ్చర్యకరమైన సంగతి చెప్పింది. ఒక దృశ్యంలో చాలా వస్తువులుండి, వాటిలో ఒకదానికి మాత్రం వెలుగు వేరే దిక్కు నుంచి పడుతుంటే, దాన్ని పట్టుకోవడంలో మన కన్ను బాగా వెనుకబడి ఉంటుంది. అంటే దిక్కు కొంత తప్పినా చూసేవాళ్లు క్షమిస్తారు. నేలకు తాకే చోట నీడ లేకపోతే మాత్రం క్షమించరు, వస్తువు వెంటనే తేలిపోతుంది. ఏఆర్ తయారీదారులు సూర్యుడి కోణం కన్నా సోఫా కాలి కింది మసక నీడకే ముందు ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఇదే అనుకోవచ్చు.

ఇదే బలహీనతకు ఇంకో ముఖం ఉంది. కన్ను పట్టుకోలేని తేడాను లెక్క పట్టుకుంటుంది. అదే ఏడాది మైకా కిమో జాన్సన్, హనీ ఫరీద్ ఒక ఫొటోలోని మనుషుల మీద పడిన వెలుగు దిక్కులను విడివిడిగా లెక్కగట్టి, అవి కలవకపోతే ఫొటో అతుకు పెట్టినదని తేల్చే పద్ధతి ప్రకటించారు. వేర్వేరు రోజుల్లో దిగిన ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టిన నకిలీ ఫొటోలను పట్టడానికి వెలుగు ఒక సాక్షి అయింది. ఇప్పుడు ముఖం నుంచి వెలుగును విడదీసి, వేరే వెలుగును అద్దడం ఫోన్‌లోనే జరిగిపోతోంది. అతుకు పెట్టేవారు ముందుగా వెలుగును సరిచేసుకుంటే ఆ సాక్ష్యం చెల్లదు. కాబట్టి ఎన్నికల వేళ వాట్సాప్‌లో తిరిగే ఫొటో అసలుదా నకిలీదా అని తేల్చేవాళ్లు నీడల కోణం ఒక్కదాని మీదే ఆధారపడడం తగ్గించి, ఆ ఫొటో ఏ కెమెరాలో పుట్టింది, ఎన్ని చేతులు మారింది అన్న జాడల వైపు ఎక్కువగా చూడాల్సి వస్తోంది.